పదకొండో కోల

“జోడీలు కట్టండమ్మా” అన్న మాట సీతయ్య సారు నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే, బడి మైదానంలో పిల్లలంతా ఒకరి చెయ్యి ఒకరు గుంజుకున్నారు. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు. పండగ రోజు బస్సులో సీటు పట్టుకున్నంత హడావిడి. దుమ్ము అణిగాక చూస్తే మధ్యలో అక్సా ఒక్కతే నిలబడి ఉంది, రెండు చేతుల్లో రెండు కోలలు పట్టుకుని.

ఎందుకు మిగిలిందో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. అశ్వారావుపేట నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఆ ఊళ్ళో బడి ఒక కొసన, చర్చి ఇంకో కొసన. చర్చి పక్క పేట పిల్లలతో అందరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. జ్వరమొస్తే ఎట్లుందని అడుగుతారు కూడా. చెయ్యి పట్టుకోవలసి వచ్చినప్పుడు మాత్రం, ఆ చెయ్యి ఎందుకో ఇంకో వైపుకి పోతుంది. ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళే తక్కువ. క్లాసులో ఫస్టు వచ్చే భార్గవి అయితే ఆరో తరగతి నుంచి “ఏయ్” అనే మాట దాటి ముందుకు రాలేదు. “అక్సా” అనడానికి నోరు తిరగదా అంటే, రసాయనాల పేర్లు మాత్రం గడగడా అప్పజెప్పేస్తుంది.

అసలు సంగతి ఏమిటంటే, ఖమ్మంలో ఒక పెద్ద కాలేజీ వాళ్ళు బడి పిల్లలకు సైన్సు పోటీ పెట్టారు. ఏటా థర్మాకోలు ముక్కలు అంటించి అంటించి విసిగిపోయిన సీతయ్య సారుకి ఈసారి ఒక ఆలోచన తట్టింది. ఉప్పు ఎట్లా పుడుతుందో కోలాటం ఆడి చూపిస్తే ఎట్లుంటుంది? ఆలోచన మంచిదే. సారు మంచివాడే. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆ మంచితనం మెత్తబడిపోతుంది, అదొక్కటే ఆయనతో చిక్కు.

ఆయన సున్నంతో నేల మీద వలయాలు గీశాడు. ఇటు మూడు, అటు మూడు.

“ఇటు సోడియం. మొత్తం పదకొండు ఎలక్ట్రాన్లు. లోపలి వలయంల ఇద్దరు, నడిమి దాంట్ల ఎనిమిది మంది, బయట ఒక్కరు. అటు క్లోరిన్. పదిహేడు. లోపల ఇద్దరు, నడుమ ఎనిమిది, బయట ఏడుగురు. మీరంతా ఎలక్ట్రాన్లు. నట్టనడుమ డోలు కొట్టేటోడు కేంద్రకం.”

ఇటు డోలు జంపయ్యకు, అటు డోలు జాషువాకు ఇచ్చాడు. ఆ డోళ్ళ మీద సుద్దతో ఒకదానికి పదకొండు, ఇంకోదానికి పదిహేడు అని రాశాడు. అవి కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యలు. బయట ఎన్ని మైనస్‌లు తిరుగుతున్నాయో లోపల అన్ని ప్లస్‌లు ఉంటేనే పరమాణువు సమంగా ఉన్నట్టు.

“నిజానికి ఎలక్ట్రాన్లు గిట్ల గీత గీసినట్టు తిరగవ్. పై క్లాసులకు పోతే ఇంకో తీరుగ చెప్తరు. ఇది మనకు సమజ్ కానీకి గీసుకున్న బొమ్మ,” అని కూడా చెప్పాడు, నిజాయితీ గల మనిషి కాబట్టి.

సోడియం బయటి వలయంలో తిరిగే ఆ ఒక్కరు ఎవరు? మిగిలింది అక్సాయే కాబట్టి అక్సా. క్లోరిన్ బయటి వలయంలో మూడు జోడీలు పోగా ఒంటిగా ఉండే ఏడోది ఎవరు? అది ఏరికోరి ఇచ్చే స్థానం. సారు పక్కన నిలబడి జోడీలు సరిచూస్తున్న భార్గవికి ఇచ్చాడు. ఇద్దరూ ఒంటివాళ్ళే. ఒకరిది మిగులు, ఒకరిది గౌరవం. లోకం లెక్కలు ఇట్లాగే ఉంటాయి.

“సార్,” అంది అక్సా. “సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఊరికే ఇచ్చేస్తదా?”

“ఇచ్చేస్తది. ఇస్తే దానికి స్థిరత్వం వస్తది,” అంది భార్గవి పుస్తకంలోంచి నేరుగా.

“ఊరికే ఏదీ పోదు,” అన్నాడు సారు. “గుంజి తీయాలంటే శక్తి ఖర్చయితది. కానీ బయటిదానికి డోలు దూరం. నడుమ పదిమంది అడ్డం. ఆ చప్పుడు దానికి సన్నగ వినిపిస్తది. అందుకే లోపలి వాటికన్నా దాన్ని తీసుడు అల్కగ. అది పోయినంక సోడియం ప్లస్ అయితది, తీసుకున్న క్లోరిన్ మైనస్ అయితది. ప్లస్, మైనస్ ఒకదాన్నొకటి గుంజుకుంటయ్. ఆ గట్టి పట్టే బంధం. ఆ పట్టు పడ్డప్పుడు బయటికొచ్చే శక్తి ముందు పెట్టిన ఖర్చుకన్నా ఎక్కువ. అందుకే ఉప్పు అంత గట్టిది.”

ఊరికే ఏదీ పోదు. ఆ మాట అక్సా మనసులో నాటుకుంది. మిగిలినప్పుడు వచ్చిన ఉక్రోషానికి కాస్త ఉప్పు దొరికినట్టయింది.

మర్నాటి నుంచి ఆట నేర్పడానికి గురవమ్మ వచ్చింది. ఆమె భర్త సారయ్య ఇల్లెందు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరై ఈ ఊరు చేరాడు. గురవమ్మ కోలాటం జట్టు భద్రాచలంలో ఉత్సవాలకు పోయి ఆడి వస్తుంది. ఆమె లెక్క జోడీల లెక్క. రెండు, నాలుగు, ఆరు. మధ్యలో మూడనే అంకె ఉందని ఆమె ఒప్పుకోదు. వలయాల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, అక్సా ముందు ఆగింది.

“ఈ పిల్లకు జోడీ ఏది సారూ?”

“ఆమెకు జోడీ ఉండదమ్మా. ఆఖరుకు పోయి భార్గవితోని కలుస్తది.”

“అప్పటి దాక గాలికి కొడ్తదా కోల? ఒంటిది వలయంల దిగొద్దు. మా భానును జోడీ పెడ్త.” భాను ఆమె మనవరాలు, ఎనిమిదో తరగతి.

“గట్ల కుదరదమ్మా. పన్నెండు మందిని చేసి డోలు మీద కూడా పన్నెండు రాస్తే అది మెగ్నీషియం అయితది. మొన్న పిల్లలకు తగలబెట్టి చూపెట్టిన, తెల్లగ మండుతది, అది. మనకు కావాల్సిన ఉప్పు దాంతోని రాదు.”

“అయితే ఈమెను తీసెయ్యి. పదిమందే ఉండనీ. నిండుగుంటది.”

సీతయ్య సారు తల గోక్కున్నాడు. “చూద్దాం తియ్యమ్మా” అన్నాడు. చూద్దాం అంటే సారు భాషలో సరే అని అర్థం. ఆ వలయమన్నా దక్కిందనుకుంటే అది కూడా పోతోంది. అక్సా సున్నపు గీత దాటి ముందుకు వచ్చింది.

“నన్ను తీసేస్తే ఉప్పు లేదు సార్.”

“ఏందమ్మా?”

“లోపల పదిమంది ఎంత మంచిగ ఆడినా క్లోరిన్ దిక్కు ఒక్కరు కదలరు. కదిలేది నేను. నేను లేని సోడియం అంటే ముందుగాల్నే ఇచ్చేసిన సోడియం. మరి మనం ఖమ్మం పోయి చూపెట్టేదేంది? మీరు చెప్పిన ముచ్చటంతా నా కాడనే ఉంది గదా.”

గురవమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “నోరు బాగనే ఉంది పిల్లకు.”

“నోరు లేకపోతే గీ మాత్రం కూడా నిలబడనియ్యరు గదా అవ్వా.”

జంపయ్య డోలు మీద ఒక దెబ్బ వేశాడు, నవ్వు ఆపుకోలేక. సారు నేల చూపులు చూసి “ఆమె ఉంటదమ్మా. ఆమె లేకుంటే పాఠమే లేదు” అన్నాడు. ఆయన జీవితంలో అంత గట్టిగా మాట్లాడటం బహుశా అదే మొదలు.

గురవమ్మది కోపం కాదు, భయం. ఆమె తమ్ముడు కూడా బాయి పనిలోనే ఉండేవాడు. ఒకనాడు జతగాడు రాలేదని ఒక్కడే పనికి దిగి, నలుగురి భుజాల మీద పైకి వచ్చాడు. అప్పటి నుంచి ఒంటి మనిషిని చూస్తే ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడవు. పాపం, అది అర్థం చేసుకోవలసిందే. కానీ భయపడేవాళ్ళ చేతిలో పెత్తనం ఉన్నప్పుడు, బయటికి తోసేయబడ్డ పిల్లకు అది భయమైతేనేం, కోపమైతేనేం?

ఇంటి దగ్గర తల్లి జోజమ్మ కూడా వద్దనే అంది. ఆమె పామాయిలు తోటల్లో రాలిన పండ్లు ఏరే పనికి పోతుంది. “నువ్వు మిగిలినదానివని చూపెట్టుకోనీకి ఖమ్మం దాక పోవాల్నా బిడ్డా? ఆ సంగతి ఈ ఊళ్ళె అందరికీ ఎరుకే గదా” అంది కూర తాలింపు వేస్తూ.

“మిగిలినదాన్ని కాదమ్మా. ముడి పడేది నాతోనే.”

పామాయిలు గెలల ట్రాక్టరు నడిపి వచ్చిన తండ్రి తోమాసు చేతులు కడుక్కుని వచ్చాడు. పోయిన క్రిస్మస్‌కి చర్చిలో ఆడటానికి తునికి కర్రతో తనే చెక్కి ఇచ్చిన కోలలు అందుకుని, కాస్త నూనె రాసి, నిగ్గు తేలేదాకా తుడిచి కూతురి ఒళ్ళో పెట్టాడు. అంతకన్నా పెద్ద ఉపన్యాసం ఏ తండ్రి ఇస్తాడు?

జోడీ లేనిదాని ఆట ఎట్లుంటుందో ఎవరూ నేర్పలేదు కాబట్టి అక్సాయే కట్టుకుంది. తన కోలను తన కోలతోనే కొట్టింది. తల మీద ఒకటి, వీపు వెనక ఒకటి, మోకాలి కింద ఒకటి. అంత పెద్ద వలయంలో ఒక్కతే గిరగిరా తిరుగుతుంటే, లోపల జోడీలుగా ఆడేవాళ్ళు కూడా లయ తప్పి చూసేవాళ్ళు. తునికి కర్ర గంటలా మోగేది. ఆఖర్లో గీత దాటి పోయి భార్గవి కోలలకు తన కోలలు తగిలించాలి. అక్కడే వచ్చేది తంటా. భార్గవి వేడి పెనాన్ని తాకినట్టు కొసలు ఆనించి వెంటనే వెనక్కి లాక్కునేది. గురవమ్మ కంటికి అది జోడీగా ఎప్పుడూ ఆనలేదు.

“గట్టిగ కొట్టు,” అంది అక్సా ఒకరోజు.

“ఏయ్, నాకు చెప్పకు,” అంది భార్గవి.

పోటీ రోజు వచ్చింది. కిరాయి బస్సులో అందరూ ఖమ్మం బయలుదేరారు. రెండు సీట్ల వరుసలో అక్సా పక్క సీటు ఖాళీ. ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురు ఇరుక్కున్నారు గానీ ఆ ఖాళీ మాత్రం ఖాళీగానే ఖమ్మం చేరింది. మిర్చి మార్కెట్ యార్డు దగ్గరికి రాగానే బస్సంతా తుమ్ములు. ఆ ఘాటు మాత్రం ఎవరినీ వేరుగా చూడలేదు, అందరి ముక్కులూ ఒకే తీరుగా పట్టుకుంది.

కాలేజీ హాలు పెద్దది. మిగతా బడుల వాళ్ళ పరమాణువుల్లో రంగు రంగుల బల్బులు తిరుగుతున్నాయి. ముందు వరుసలో ముగ్గురు జడ్జీలు, వాళ్ళ ముందు ఒక బెల్లు. వేదిక వెనక భార్గవి గురవమ్మ కొంగు పట్టుకుని గుసగుసలాడింది.

“అవ్వా, అంతమంది ముందు నేను కూడా ఒంటిగ ఉంటే ఏం బాగుంటది? భాను వచ్చింది గదా.”

భాను తాళాలు వేయడానికి వచ్చింది. గురవమ్మకు ఆ మాటే చాలు. రెండు వలయాల్లో రెండు ఒంటి పిల్లలు, అదీ పరాయి ఊళ్ళో. ఆమె చేతులు ఊరుకోలేదు. సారు అటు మైకు సరిచేసుకుంటుంటే, ఇటు భానును క్లోరిన్ వలయంలోకి నెట్టింది. మరి గీత దాటి వచ్చే పిల్ల సంగతి? పక్కన నిలబడి చప్పట్లు కొడుతుంది, ఎవరు చూడొచ్చారు? గురవమ్మ మనసు కుదుటపడింది.

ఆట మొదలైంది. డోళ్ళు మోగాయి. గురవమ్మ గొంతు ఎత్తితే హాలు పైకప్పు కూడా వినాలి, అట్లాంటి గొంతు. లోపలి ఇద్దరు, నడిమి ఎనిమిది మంది జోడీ కోలలు కొడుతున్నారు. బయట అక్సా ఒక్కతే, తల మీద, వీపు వెనక, మోకాలి కింద. ఏదో వింత చూసినట్టు జనం ఆమెనే చూస్తున్నారు. జడ్జీలు కూడా. అక్సా ఒళ్ళంతా పొంగిపోయింది. పాట చివరికి వచ్చింది.

“దాటి రావే పదకొండో చెలియా,” అని గురవమ్మ అందుకుంది.

దాటబోతూ అక్సా అటు చూసింది. భార్గవి ఎదురుగా భాను ఉంది. ఇద్దరూ హాయిగా కోలలు కొట్టుకుంటున్నారు. క్లోరిన్ బయటి వలయంలో నాలుగు జోడీలు. ఎనిమిది మంది. నిండిపోయింది. జాషువా డోలు మీద మాత్రం పదిహేడే ఉంది, ఏమీ ఎరగనట్టు.

ఆమెకు అంతా ఒక్క క్షణంలో అర్థమైంది. ఇప్పుడు పోతే గీత బయట నిలబడాలి. జనం చప్పట్లు కొడతారు. ఎవరూ లెక్కపెట్టరు. ఇంటినుంచి వెళ్ళిపోయి, పోయిన ఇంట్లో చోటు లేక వాకిట్లో నిలబడ్డదానిలా ఉంటుంది తను. అక్కడ బడి మైదానంలో మిగిలింది, ఇక్కడ ఖమ్మంలో అందరి ముందూ మిగలాలి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మండుతూ. ఆ నీళ్ళు కారనివ్వలేదు అక్సా. కాలు తీసి గీత దాటలేదు.

“దాటి రావే,” అంది గురవమ్మ మళ్ళీ. అక్సా తన వలయంలోనే, తన కోలలు తనే కొట్టుకుంటూ తిరిగింది. “దాటి రావే!” ఈసారి పాటలో కాస్త తిట్టు కూడా కలిసింది. జంపయ్య డోలు తడబడి ఆగింది. జాషువా కూడా ఆపేశాడు.

“ఏమ్మా, స్టెప్పు మర్చిపోయావా?” అని అడిగింది జడ్జీల్లో ఒక మేడమ్.

“మర్చిపోలేదు మేడమ్. లెక్క తప్పింది. మా సోడియం మంచిగనే ఉంది. అటు డోలు మీద పదిహేడు, ఆడేటోళ్ళు పద్దెనిమిది. ఎనిమిది నిండిన వలయంలకు నేను పోను.”

“పో పిల్లా, పక్కకు నిలబడి చప్పట్లు కొట్టు,” అని మైకు వినేటట్టే గదమాయించింది గురవమ్మ.

“కొట్టను.”

హాల్లో గుసగుసలు. మేడమ్ గడియారం చూసుకుంది. “పర్వాలేదమ్మా, డాన్సే కదా, ఒకరు ఎక్కువైతే ఏమవుతుంది? కానిచ్చేయండి, టైమ్ అయిపోతోంది.”

“డాన్స్ కాదు మేడమ్, ఉప్పు. ఒక్కటి ఎక్కువైతే అది క్లోరిన్ పరమాణువు కాదు. ఎవరి దగ్గరనో ముందే తీసుకుని నిండిపోయింది. నన్ను తీసుకోనీకి దానికి చోటు లేదు. చోటు లేని కాడికి పోయి, కలిసినట్టు నేను నటించను.”

సీతయ్య సారు “కానియ్యమ్మా” అనబోయాడు. నోరు తెరిచి, డోలు మీద తన చేత్తో రాసిన పదిహేడు అంకెను చూసి, నోరు మూసుకున్నాడు. అప్పుడు కదిలింది భార్గవి. జాలి పుట్టి కాదు. ఆమె లెక్కల పిల్ల, మార్కుల పిల్ల. తప్పు లెక్కలో తాను నిలబడి ఉన్నానని హాలంతా చూస్తుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

“భానూ, నువ్వు దిగు,” అంది.

భాను బతుకుజీవుడా అని తాళాల దగ్గరికి పరుగెత్తింది. అంతలో బెల్లు మోగింది.

“టైమ్ అయిపోయిందమ్మా,” అన్నాడు ఇంకో జడ్జీ.

“మోగనియ్యండి సార్,” అంది అక్సా. “జంపయ్యా, కొట్టు!”

జంపయ్య కొట్టాడు. జాషువా అందుకున్నాడు. బెల్లు మీద బెల్లు మోగుతుంటే, దాన్ని కూడా తాళం కింద వేసుకుని ఆడారు పిల్లలు. గురవమ్మ ఒక్క క్షణం తటపటాయించి గొంతెత్తింది. అక్సా ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది, గీత మీద కాలు పెట్టి ఒక్క దూకు దూకింది. భార్గవి ఎదురుగా నిలబడి కోలలెత్తింది. ఈసారి కొసలు ఆనించి వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా అక్సా చేతుల్లోని బలమంతా పెట్టి కొట్టింది. తునికి కర్ర ఠంగుమంది. ఆ దెబ్బకు భార్గవి కూడా దెబ్బే తిరిగిచ్చింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ. రెండు జట్లూ అట్లా తిరుగుతూనే ఒకదాని వైపు ఒకటి జరిగి, అంచుకు అంచు ఆనించుకుని నిలిచాయి. డోళ్ళు ఆగాయి.

గురవమ్మ పాట ఆగిపోయినా ఆమె కళ్ళు ఆగలేదు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాయి. ఇటు ఇద్దరు, ఎనిమిది. అటు ఇద్దరు, ఎనిమిది, మళ్ళీ ఎనిమిది. ఇంకోసారి లెక్కపెట్టింది. ఒంటిది ఎక్కడా లేదు.

బహుమతి రాలేదు. టైమ్ దాటిన వాళ్ళకు మార్కులు వెయ్యరట. బల్బులు తిరిగే పరమాణువుకి కప్పు ఇచ్చారు. సీతయ్య సారు కొంచెం దిగులుపడ్డాడు గానీ, బస్సెక్కేటప్పుడు అక్సాను చూసి “మంచిగ నిలబడ్డవమ్మా” అన్నాడు. గురవమ్మ కూడా ఆగింది.

“ఒంటిది లేకుంట ఆఖరుకు అన్నీ జోడీలే అయినయ్ గదనే. ముందే చెప్తే అయిపోవు.”

“చెప్పిన గదా అవ్వా. మీరే ఆగలే.”

గురవమ్మ నవ్వాలో తిట్టాలో తెలియక భాను వీపు మీద ఒకటి వేసి లోపలికి పోయింది.

అక్సా మళ్ళీ ఆ రెండు సీట్ల వరుసలోనే, కిటికీ పక్కన కాకుండా ఈసారి సరిగ్గా మధ్యలో కూర్చుంది. కోలలు ఒళ్ళో పెట్టుకుంది. ఒకదానికి కొసన చిన్న పగులు వచ్చింది. దాన్ని వేలితో తడుముతుంటే పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు.

“ఏయ్, జరుగు,” అంది భార్గవి.

అక్సా కిటికీలోంచి చూస్తూనే ఉంది. బస్సు కదిలింది. భార్గవి పడబోయి సీటు కడ్డీ పట్టుకుంది.

“ఏయ్, నిన్నే. వినబడ్తలేదా?”

“వినబడ్తున్నది. నాకు పేరుంది. పేరు పెట్టి అడుగు.”

మిర్చి యార్డు దగ్గరికి వచ్చారు. భార్గవి రెండుసార్లు తుమ్మింది. ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. బస్సు మలుపు తిరిగింది. ఆమె కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకుంది.

“అక్సా,” అంది చివరికి, కొత్త మాట పలికినట్టు మెల్లగా. “కొంచెం జరుగుతవా?”

అక్సా జరిగింది. సగం సీటు వరకే.